ధాత కరువును వానల ఖాతాలో రాసేయడం తగదు

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ ఆదివారం సంచికలో పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయుల పాలనపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రైళ్లు, ఆనకట్టలు, భూమి సర్వేలు, జిల్లా యంత్రాంగం గురించి రచయిత ఓపికగా వివరించారు. అయితే 1876-78 నాటి మహా కరువు దగ్గరకు వచ్చేసరికి రెండే రెండు వాక్యాలతో సరిపెట్టారు. వానలు కురవక లక్షల మంది చనిపోయారన్నది మొదటి వాక్యం. ఆ అనుభవం నుంచి ప్రభుత్వం కరువు నిబంధనావళిని తయారు చేసిందన్నది రెండోది. రెండూ నిజాలే. కానీ వాన ఆగిపోయిన రోజుకూ మనిషి ప్రాణం పోయిన రోజుకూ మధ్య కొన్ని నెలల కాలం ఉంది. ఆ నెలల్లో కలకత్తాలో, మద్రాసులో, లండన్‌లో కొన్ని నిర్ణయాలు జరిగాయి. వాటికి తేదీలున్నాయి, సంతకాలున్నాయి, అప్పుడే రాతపూర్వకంగా నమోదైన అభ్యంతరాలు కూడా ఉన్నాయి. వాటిని వదిలేసి చెప్పిన కరువు కథ పాలన చరిత్ర అనిపించుకోదు, వాతావరణ సమాచారం మాత్రమే అవుతుంది. రాయలసీమలో చాలా కాలం చరిత్ర బోధించినవాణ్ణి కాబట్టి ఈ విషయాన్ని కాస్త వివరంగా రాయాలనిపించింది. ఉత్తరం పొడవు పెరిగినందుకు మన్నించగలరు.

ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, నైరుతి వానలు సరిగా పడలేదు. వాటి వెనుక రావలసిన ఈశాన్య వానలూ ముఖం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు, మైసూరు సంస్థానం, నిజాం రాజ్యంలోని కొన్ని ప్రాంతాలు, బొంబాయి రాష్ట్రంలోని దక్కను జిల్లాలు, తమిళ జిల్లాలు అన్నీ ఒకేసారి ఎండిపోయాయి. మెట్ట సీమలకు వాన లేని ఏడాది కొత్త కాదు. జొన్న, కొర్ర పండించుకునే రైతు ఒక పంట పోతే పాతరలోని గింజలతో, గొర్రెలతో, అప్పుతో ఎలాగోలా మరుసటి ఏటికి చేరేవాడు. ఆ పాతర ఎందుకు ఖాళీ అయిందన్నది మొదట అడగవలసిన ప్రశ్న. 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన ఈ సీమలో, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ పద్ధతికి కంపెనీ అధికారి మన్రో పునాది వేశాడు. శిస్తు బరువు ఎక్కువగా ఉందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేస్తే పైవారు అప్పట్లో ఒప్పుకోలేదు. 1864 నుంచి నికర రాబడిలో సగం సర్కారు వాటాగా లెక్క కట్టే సూత్రం స్థిరపడింది. ఆ సగాన్ని గింజల రూపంలో కాక రూపాయల రూపంలో చెల్లించాలి. రూపాయలు కావాలంటే పంటను కోతల వేళకే అమ్మాలి, లేదా అమ్ముడుపోయే పంటనే వేయాలి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ధర ఆకాశానికి ఎగసినప్పుడు నల్లరేగడి భూముల్లో పత్తి సాగు పెరిగింది. యుద్ధం ముగిసి ధర పడిపోయాక అప్పులు మిగిలాయి. వాన ఆగిపోయే నాటికి రైతు అప్పటికే చాలా బలహీనంగా ఉన్నాడు. అతని పొలంలో కూలికి పోయే మనిషికైతే అప్పు కోసం తాకట్టు పెట్టడానికి పొలం కూడా లేదు.

ఇక్కడ ఒక పూర్వకథను గుర్తు చేయాలి. దాన్ని వదిలేస్తే ఆ తరువాత జరిగినది అర్థం కాదు. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ ముందుచూపుతో బర్మా నుంచి భారీగా బియ్యం తెప్పించి, ఊళ్లకు చేరవేసి, అడిగినవారికి పని, పని చేయలేనివారికి తిండి ఇచ్చాడు. చావులు చాలా స్వల్పం. పాలనా దక్షతకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి? కానీ జరిగింది మరొకటి. ఖర్చు ఆరు కోట్ల రూపాయలు దాటినందుకు, మిగిలిపోయిన ధాన్యాన్ని నష్టానికి అమ్ముకోవలసి వచ్చినందుకు లండన్ పత్రికలు, ఖజానా అధికారులు ఆయనను ఏకిపారేశారు. ప్రాణాలు నిలబెట్టినందుకు మెప్పు రాలేదు, డబ్బు పారబోశాడన్న అపవాదు మాత్రం ఆయనను వదల్లేదు. రెండేళ్లు తిరగకుండానే దక్షిణాదిలో కరువు వచ్చినప్పుడు, ఖర్చు అదుపు చేయడానికి మద్రాసు పంపిన ప్రతినిధి ఈ టెంపులే. గతంలో దుబారా చేశాడని ముద్ర పడిన అధికారి ఈసారి పొదుపరినని నిరూపించుకోవాలనుకుంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఈ నియామకాన్ని మించిన పాలనా పాఠం ఆ శతాబ్దంలో నాకు కనిపించలేదు.

అప్పటి ఖజానా పరిస్థితిని కూడా న్యాయంగా చెప్పాలి. ప్రపంచ మార్కెట్లో వెండి ధర పడిపోతున్నది. మన రూపాయి వెండిది. ఇంగ్లండుకు ఏటా కట్టవలసిన వడ్డీలు, పింఛన్లు, రైల్వే కంపెనీలకు హామీ ఇచ్చిన రాబడులు బంగారు పౌన్లలో. ఏటికేడాది ఎక్కువ రూపాయలు పోస్తే తప్ప అన్నే పౌన్లు రావు. రాజప్రతినిధి లార్డ్ లిట్టన్‌కు, ఆర్థిక సభ్యుడు సర్ జాన్ స్ట్రాచీకి ఇది నిత్యం వెంటాడే దిగులు. దానికి తోడు ధాన్య వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదన్న సిద్ధాంతం ఆనాటి అధికారుల్లో మత విశ్వాసంలా పాతుకుపోయింది. ధర పెరిగితే వర్తకుడు ధాన్యం తెస్తాడు, తెచ్చిన ధాన్యంతో కరువు తీరుతుంది అన్నది వారి లెక్క.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆ లెక్కను పూర్తిగా నమ్మలేదు. 1876 చివరలో ఆయన ప్రభుత్వం ఒక వర్తక సంస్థ ద్వారా సుమారు 30,000 టన్నుల ధాన్యం గుట్టుగా కొనుగోలు చేసింది. ఈ సంగతి తెలిసి భారత ప్రభుత్వం మందలించింది. ఇకపై సర్కారు కొనుగోళ్లు వద్దంది. ఆ తరువాత ధాన్యం రాలేదా అంటే వచ్చింది. బెంగాలు నుంచి, బర్మా నుంచి ఓడల మీద మద్రాసు రేవుకు బస్తాలు దిగాయి. సముద్రపు ఒడ్డున గుట్టలుగా పేరుకుపోయేంతగా దిగాయి. రైలు పెట్టెలు చాలక అక్కడే ఉండిపోయాయి. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు వరకు రైలు మార్గం 1871 నాటికే సిద్ధంగా ఉంది. కాబట్టి దారి లేక జనం చచ్చారనడానికి కూడా వీలు లేదు. స్టేషన్ దాకా వచ్చిన బస్తాను కొనే స్తోమత లేక చచ్చారు. ధాన్యం ధర రెండింతలు, మూడింతలైనప్పుడు పొలం పని లేని కూలివాడి చేతిలో కాణీ లేదు. వర్తకుడు కొనగలిగిన వాడి దగ్గరకే సరుకు తీసుకుపోతాడు. అది అతని తప్పు కాదు. కొనలేని వాడి సంగతి చూడడానికే రాజ్యం అనేది ఒకటి ఉన్నది.

ఈ సందర్భంలో తరచుగా వినిపించే ఒక మాటను సరిచేయాలి. ఆ కరువు కాలంలో భారతదేశం నుంచి ఇంగ్లండుకు సుమారు 3,20,000 టన్నుల గోధుమలు ఎగుమతి అయ్యాయన్నది నిజం. కానీ అది మన మెట్ట జిల్లాల నుంచి లాక్కుపోయిన జొన్న కాదు, ప్రధానంగా ఉత్తరాది గోధుమ. ఆవేశంలో రెంటినీ కలిపి చెబితే వాదన బలహీనపడుతుంది. దేశంలో ఒక మూల మిగులు ఉండి, మరో మూల జనం మాడిపోతుంటే, ఆ మిగులును ఇటు మళ్లించడం తన పని కాదని ప్రభుత్వం తీర్మానించుకున్నది. అసలు ఆక్షేపించవలసింది ఆ తీర్మానాన్ని.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిగింది. రాజులు, జమీందారులు, ఏనుగులు, ఫిరంగుల మోతలతో ఆ వైభవం గురించి ఎన్నో వర్ణనలున్నాయి. దాని వెనువెంటనే టెంపుల్ మద్రాసు రాష్ట్రానికి బయలుదేరాడు. జిల్లాల గుండా వేగంగా తిరిగి చూసి, సర్కారు కూలి ఇచ్చి చేయించే కరువు పనుల్లో చేరినవారిలో చాలామందికి నిజంగా అవసరం లేదని తేల్చాడు. లక్షల మంది ఆ పనుల నుంచి తప్పించబడ్డారు. మిగిలినవారికి ఇచ్చే కూలిని కుదించాడు. మగవాడికి రోజంతా గట్టి పనికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవారికీ పనిచేసే పిల్లలకూ ఇంకా తక్కువ.

ఈ ఒక పౌను దగ్గర కాసేపు ఆగుదాం. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. మట్టి తవ్వి తట్ట మోసే మనిషికి, కంకర కొట్టే మనిషికి పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అంతే. గింజలు విసురుకోవాలి, పొట్టు పోవాలి, వండుకోవడానికి కట్టెలు కావాలి. మిగిలిన అణాతో కరువు ధరల్లో పప్పు, ఉప్పు, మిరపకాయ, చింతపండు కొనుక్కోవాలి. ఇంటి దగ్గర నడవలేని ముసలివారు, చంటిపిల్లలు ఉంటే ఆ గింజల్లోంచే వారికీ ఇంత పెట్టాలి; ఏ తల్లీ పెట్టకుండా ఉండదు. పని చాలాసార్లు సొంత ఊరికి దూరంగా ఉండేది. దగ్గరలో పని పెడితే అవసరం లేనివారూ వస్తారన్న అనుమానంతో దూరాన్నే ఒక పరీక్షగా పెట్టారు. ఇల్లు విడిచి, పసిపిల్లలతో నడిచి, శిబిరంలో పడుకుని, కలుషితమైన నీరు తాగి పని చేయడానికి సిద్ధపడినవాడే నిజమైన ఆపన్నుడని ఆ పరీక్ష భావం. అప్పటికే ఒళ్లు చిక్కిపోయిన వాడు ఆ నడకలోనే కూలిపోతాడన్న సంగతి ఆ లెక్కలో లేదు.

దీన్ని ఎదిరించినవాడు కూడా ఆ ప్రభుత్వంలోని ఉద్యోగే. డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ అప్పుడు మద్రాసు రాష్ట్ర శానిటరీ కమిషనర్. 1871లో ఈ రాష్ట్రపు తొలి సమగ్ర జనాభా లెక్కల నివేదిక రాసింది ఆయనే. అందువల్ల ఏ జిల్లాలో ఎందరు ఉన్నారో, వారేం తింటారో, ఏం పని చేస్తారో ఆయనకు తెలిసినంతగా కొత్తగా వచ్చిన ప్రతినిధికి తెలిసే అవకాశం లేదు. శ్రమ చేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానికి తోడు పప్పు, కూరగాయలు ఉండాలని ఆయన వైద్య కారణాలతో సహా రాశాడు. మద్రాసు జైళ్లలో కఠిన శిక్ష అనుభవించే ఖైదీలకు పెట్టే తిండితో పోల్చి చూపాడు. నేరం చేసి జైలుకు వెళ్లినవాడికన్నా ఏ తప్పూ చేయని కూలివాడికి తక్కువ తిండి పెట్టడం ఏ న్యాయమని ఆ పోలికలోనే ఉంది. పనుల దగ్గర మనుషుల బరువు తగ్గిపోవడం, నీరసం, విరేచనాలు, కాళ్ల వాపులు చూసి మరీ హెచ్చరించాడు. టెంపుల్ ఒప్పుకోలేదు. ఆకలి మీద శరీరశాస్త్ర సిద్ధాంతాలు ఎన్నో ఉన్నాయని, అనుభవమే తేలుస్తుందని, ఇప్పటికి ప్రభుత్వ ధనాన్ని వీలైనంత తక్కువగా ఖర్చు చేయడమే ప్రధానమని ఆయన వాదించాడు. లిట్టన్ ఆయన పక్షాన నిలిచాడు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం వెనక్కు తగ్గి ధాన్యాన్ని ఒకటింబావు పౌనుకు పెంచి కాస్త పప్పు చేర్చింది. అది కార్నిష్ అడిగినదానిలో సగం దారి. అప్పటికి జరగవలసిన నష్టం చాలా వరకు జరిగిపోయింది. బలహీనపడిన శరీరాన్ని మళ్లీ నిలబెట్టడానికి మామూలు తిండి చాలదని ఏ వైద్యుడైనా చెబుతాడు.

బొంబాయి రాష్ట్రంలో ఇదే కూలిని పెట్టినప్పుడు అక్కడి కూలీలు మూకుమ్మడిగా పనులు మానేసి నిరసన తెలిపారు. పూణే సార్వజనిక సభ వారి తరఫున లెక్కలతో విజ్ఞప్తులు రాసింది. మన జిల్లాల్లో అలాంటి సంస్థ ఒక్కటీ అప్పటికి లేదు. ఆకలితో ఉన్నవారు చదువురానివారు, చదువుకున్నవారు కొద్దిమంది, వారూ పట్టణాల్లోనే. బాధితుల వైపు నుంచి ఫైళ్లలోకి ఎక్కిన మాటలు అతి తక్కువ కావడానికి ఇదీ ఒక కారణం. ఇప్పుడు మనకు మిగిలినవి అధికారుల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు, ఎముకల గూళ్లలా కూర్చున్న మనుషుల ఫొటోలు. హూపర్ అనే సైనికాధికారి మద్రాసులో తీసిన ఆ ఫొటోలను నేడు ఫోన్లలో ఎక్కడివో ఎప్పటివో చెప్పకుండా పంపుకుంటున్నారు. ఆ ముఖాల వెనుక ఊరు పేరు లేకపోవడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

1877 నైరుతి వానలు కూడా ఆలస్యమయ్యాయి. ఆగస్టులో మద్రాసు పెద్దలు, గవర్నరు కలిసి లండన్ మేయరుకు తంతి పంపి విరాళాలు అడిగారు. ఇంగ్లండులోని సామాన్యులు స్పందించారు. ఈ సంగతీ చెప్పాలి, ఎందుకంటే పాలకుల విధానమూ ఆ దేశ ప్రజల మనసూ ఒకటి కాదు. ఆ సహాయ సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ మరుసటి ఏడాదే ఈ కరువుపై రెండు సంపుటాల గ్రంథం వెలువరించాడు. సెప్టెంబరు నుంచి వానలు పడ్డాయి. వానలతో పాటే జ్వరాలు వచ్చాయి. తిండిలేక సన్నగిల్లిన శరీరాలను అంతకుముందే కలరా, విరేచనాలు తుడిచిపెట్టాయి. మిగిలినవారిని మలేరియా పట్టుకున్నది. కరువు కమిషన్ అంచనా ప్రకారం మొత్తం మీద చనిపోయినవారు 50 లక్షలకు పైగా. మన సీమ వరకు చూస్తే 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా నాలుగో వంతుకు దగ్గరగా, అప్పటి బళ్లారి జిల్లా దాదాపు అయిదో వంతు, కడప జిల్లా సుమారు ఆరో వంతు జనాన్ని కోల్పోయాయి. వలస పోయినవారూ, పుట్టకుండా పోయినవారూ అందులో ఉన్నారు నిజమే. అయినా ఊరికి ఊరు లెక్కేస్తే, నాలుగిళ్లలో ఒక ఇల్లు మూతబడినంత.

ఇదే కాలంలో గోదావరి, కృష్ణా డెల్టాలు పండాయి. అక్కడి ధాన్యం బయటి జిల్లాలకు పోయింది, కరువు జిల్లాల జనం అక్కడికి వలస వచ్చారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ వెంటనే బెజవాడ దగ్గర కట్టిన కృష్ణా ఆనకట్ట ఎంత మేలు చేశాయో ఈ కరువు కళ్లకు కట్టినట్టు చూపింది. అందుకే మీ వ్యాసకర్త ఆనకట్టలను మెచ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ వాటి చరిత్ర కూడా పూర్తిగా చెప్పుకోవాలి. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ జనంలో భారీ భాగం చనిపోయాక కూడా గోదావరి మీద పని మొదలు కావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. రాజమండ్రి జిల్లా దుస్థితిపై మాంట్‌గోమరీ నివేదిక 1844లో వచ్చి, శిస్తు ఆదాయం పడిపోతున్న సంగతి అంకెలతో బయటపడ్డాక గానీ పైవారు కదలలేదు. డెల్టాలో నీటి పన్ను బాగా వచ్చింది కాబట్టి అలాంటి పనులు ‘లాభసాటి’ అనిపించుకున్నాయి. మెట్ట సీమలో అంత రాబడి రాదు. సుంకేశుల నుంచి తవ్విన కర్నూలు-కడప కాలువను సర్కారు తానే కట్టకుండా, పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చి ఒక ఇంగ్లీషు కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1882లో కాలువను ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు వృద్ధుడైన కాటన్ సాక్ష్యమిస్తూ, రైళ్ల మీద పెట్టిన డబ్బులో కొంతైనా కాలువల మీద పెట్టి ఉంటే బాగుండేదని గట్టిగా వాదించాడు. ఆయన విగ్రహాలకు దండలు వేసే మనం ఈ సాక్ష్యాన్ని కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది. నీరు ఎక్కడికి పోవాలన్నది అవసరాన్ని బట్టి కాక రాబడిని బట్టి తేలిన విధానం అది. దాని నీడ కోస్తా, సీమ జిల్లాల మధ్య నేటికీ కనిపిస్తున్నది.

కరువు తగ్గాక పన్నుల విషయంలో జరిగినది చాలామందికి తెలియదు. దేశమంతటా ఉప్పు పన్ను సమానం చేయాలన్నది స్ట్రాచీ సంస్కరణ. ఉత్తరాదిన పన్ను ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. సమానం చేసే మార్గంలో మద్రాసు, బొంబాయి రాష్ట్రాల్లో మణుగు ఉప్పుపై 1 రూపాయి 13 అణాలు ఉన్న పన్నును 2 రూపాయల 8 అణాలకు పెంచారు. అప్పుడే కరువు నుంచి లేస్తున్న జనం మీద, గంజిలో వేసుకునే ఉప్పు మీద ఈ భారం పడింది. మరోవైపు 1878లో కరువు బీమా పేరుతో వర్తకులు, చేతివృత్తుల వారి మీద లైసెన్సు పన్ను వేశారు. పెద్ద జీతాల ఉద్యోగులను, వకీళ్లను, డాక్టర్లను దాని నుంచి తప్పించారు. ఏటా 1.5 కోట్ల రూపాయలు కరువు నివారణకే వినియోగిస్తామని మాట ఇచ్చారు. అదే ఏడాది అఫ్గాన్ యుద్ధం మొదలైంది. ఆ మిగులు డబ్బు మాట నిలబడలేదని, కరువు కోసం వసూలు చేసినది యుద్ధపు ఖర్చుల్లో కలిసిపోయిందని దేశంలోనూ పార్లమెంటులోనూ విమర్శలు చెలరేగాయి. ఇంత కటకటలోనూ 1879లో లిట్టన్ తన కౌన్సిల్‌లో మెజారిటీ సభ్యులు కాదన్నా వినకుండా విదేశీ ముతక నూలు బట్టల మీద దిగుమతి సుంకాన్ని రద్దు చేశాడు. అది మాంచెస్టరు మిల్లుల చిరకాల కోరిక. డబ్బు లేదన్న మాట కూలివాడి పౌను గింజల దగ్గర మాత్రమే కఠినంగా అమలైందని చెప్పడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అవసరం లేదు.

సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కూర్చున్న కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883లో నిబంధనావళి వచ్చింది. కరువు సూచనలను ముందే గుర్తించాలని, పనులు సిద్ధంగా ఉంచాలని, ధాన్యం ధరను బట్టి కూలి మారాలని, పనిచేయలేనివారికి ఊళ్లోనే ఉచితంగా సాయం అందాలని అందులో రాశారు. ఇవి మంచి నియమాలు. స్వతంత్ర భారతంలోని కరువు పనులు కూడా చాలా కాలం వీటి మీదే నడిచాయి. మీ వ్యాసకర్త వీటిని మెచ్చుకోవడం సబబే. అయితే ఈ నియమాల్లో ముఖ్యమైనవి కార్నిష్ 1877లోనే చెప్పినవి, బీహారులో టెంపుల్ స్వయంగా 1874లోనే చేసి చూపినవి. కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. తెలిసినదాన్ని ఖర్చు పేరుతో పక్కన పెట్టి, 50 లక్షల ప్రాణాలు పోయాక మళ్లీ పుస్తకంలో రాసుకున్నారు. ఆ కమిషన్‌లోనే జేమ్స్ కెయిర్డ్, సల్లివన్ అనే ఇద్దరు సభ్యులు మిగతావారితో విభేదించి వేరుగా తమ అభిప్రాయం రాశారన్నది కూడా గమనించాలి. 1896-97లో, 1899-1900లో మళ్లీ కరువులు వచ్చినప్పుడు నిబంధనావళి ఉండి కూడా లక్షల మంది పోయారంటే, పుస్తకంలోని నియమం కన్నా దాన్ని అమలు చేసే చేయి ఎంత ఉదారంగా ఉందన్నదే నిర్ణాయకమని తేలుతుంది.

ఆ కాలపు అధికారులను నేటి కొలతలతో కొలవకూడదని కొందరు మిత్రులు నాతో అంటుంటారు. ఆ మాటను గౌరవిస్తూనే నా జవాబు చెబుతాను. నేను నేటి కొలత వాడడం లేదు. ఒకే కాలంలో, ఒకే ప్రభుత్వంలో, ఒకే కాగితాల మీద కార్నిష్ ఒక కొలత పెట్టాడు, టెంపుల్ మరో కొలత పెట్టాడు. ఏది గెలిచిందో, ఎందుకు గెలిచిందో అడుగుతున్నాను. అలాగే తెల్లవారంతా ఒక్కటేనని, కావాలనే చంపారని ఆవేశంగా మాట్లాడేవారితో కూడా నేను ఏకీభవించలేను. గవర్నరు బకింగ్‌హామ్ ధాన్యం కొన్నాడు, కార్నిష్ ఎదిరించాడు, ఎందరో కలెక్టర్లు, వైద్యులు శిబిరాల్లో జబ్బుపడి పనిచేశారు. చంపాలన్న కోరిక లేకుండానే, ఒక లెక్కను నమ్మి, ఆ లెక్కకు అడ్డం వచ్చిన మనుషులను పట్టించుకోకపోవడం వల్ల ఇంత ఘోరం జరగడమే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. ఈ కరువు కాలంలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల కలెక్టర్లు మద్రాసు రెవెన్యూ బోర్డుకు రాసిన నివేదికలు, కార్నిష్, టెంపుల్ వాదప్రతివాదాల పత్రాలు చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర పురాభిలేఖాగారంలోను, లండన్‌లోను ఉన్నాయి. వీటిలో తెలుగు జిల్లాలకు సంబంధించిన వాటినైనా ఎంపిక చేసి తెలుగులోకి అనువదించి ప్రచురించమని రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలను, అకాడమీలను మీరు సంపాదకీయం ద్వారా కోరండి. ఆంగ్లంలో ఉన్న ఆ కాగితాలను చదవగలిగే అవకాశం ఆ కరువు బాధితుల మునిమనవలలో చాలామందికి ఇప్పటికీ లేదు. రెండోది, ఆ వ్యాసం తరువాయి భాగాలు రాబోతున్నాయని ప్రకటించారు కనుక, వాటిలో ఒకదాన్ని ఈ ఒక పౌను కూలి తగాదాకు కేటాయించమని రచయితకు నా తరఫున తెలియజేయండి. ఊళ్లలో కరువు పనికి వేసిన రోడ్లు, పూడిక తీసిన చెరువులు, గంజి కేంద్రాలు నడిచిన చోట్లు ఇంకా పెద్దల నోళ్లలో ఉన్నాయి. అలాంటి జ్ఞాపకాలు మీ పాఠకుల దగ్గర ఉంటే పంపమని కోరుతూ నాలుగు పంక్తుల ప్రకటన వేసినా, సీమ జిల్లాల విలేఖరుల ద్వారా అవి మీకు చేరుతాయని నా నమ్మకం.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కర్నూలు